బడికి పంపిన నారు

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే మా మావయ్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పిల్లలు లేచారా?" అని అడిగారు. కాపురానికొచ్చి ఒక్క రాత్రయింది, పిల్లలేమిటి? నా వెనకాల పళ్లు తోముకుంటున్న మా ఆయన నురగ మింగేసి, దగ్గుతూ, నవ్వుతూ పెరట్లోకి పరిగెత్తాడు.

మావయ్యగారు కిటికీ వైపు చూపించారు. గట్టు మీద రెండు చెక్క ట్రేలు, వాటి నిండా టమాటా నారు. అప్పుడప్పుడే అసలు ఆకులు వేస్తోంది. మొక్కలన్నీ అద్దం వైపు మెడలు సాచి నిలబడ్డాయి, బస్సు కోసం చూసే జనంలా.

"మీ అత్తయ్య పిల్లలు. ముందు వాళ్లకి నీళ్లు, తర్వాతే మనకి టీ," అన్నారాయన.

మా అత్తగారు చలికాలం మధ్యలో పోయారు. పెళ్లి వాయిదా వేస్తే ఊరుకోనని ఆసుపత్రి మంచం మీద నుంచే అందరికీ వేలు చూపించి మరీ చెప్పారట. ఆవిడ మాట ఇంట్లో ఎవరూ దాటరు. మావయ్యగారైతే ఆవిణ్ని "జడ్జీగారూ" అనే పిలిచేవారు. అందుకని మా పెళ్లి అనుకున్న రోజునే జరిగింది, ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా పెట్టుకుని.

నేను ఆవిణ్ని చూసింది ఒక్కసారే, సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు. పెద్దవాళ్లు ముందు గదిలో మాట్లాడుకుంటుంటే ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయారు. తీగకి ఒకే ఒక్క పండు మిగిలి ఉంది. మెడ దగ్గర పచ్చ చారలున్న ఎర్రటి టమాటా. దాన్ని చాకుతో రెండు చెక్కలు చేసి, బొటనవేలితో లోపలి గుజ్జంతా గింజలతో సహా ఓ కప్పులోకి గీకేసి, ఉత్త కండ నా చేతిలో పెట్టారు.

"గింజలు నాకు, పండు నీకు. తిను. మొహమాటపడితే ఈ ఇంట్లో ఆకలితో చస్తావ్," అన్నారు.

నిలబడి తిన్నాను. రసం మోచేతి దాకా కారింది. ఆవిడ తన కొంగుతో తుడిచారు. ఈవిడ దగ్గర ఉండొచ్చు అని అప్పుడే అనుకున్నాను. పెళ్లికొడుకు మాట ఆ తర్వాతే ఆలోచించాను, ఈ సంగతి ఆయనకి చెబితే ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

కిటికీ గట్టు మీద ఉన్నవి ఆ గింజలే. ఆ రకం ఆవిడ తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆ పుట్టిల్లూ లేదు, ఆ తోటా లేదు. ఏటా సగం గింజలు చల్లి సగం దాచేవారట. ఈసారి మావయ్యగారు అన్నీ చల్లేశారు. "ఏ గింజని పక్కన పెడదామన్నా, దాన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టే అనిపించింది అమ్మాయ్," అన్నారు. కాబట్టి ఈ నారు బతికితే ఆవిడ టమాటా ఉంటుంది. లేకపోతే లేదు.

ఇంట్లో పెరిగిన నారుని ఒక్కసారిగా నేలలో పెడితే చచ్చిపోతుంది. రోజూ కాసేపు బయట పెట్టి, గాలికీ ఎండకీ అలవాటు చేసి, అప్పుడు నాటాలి. అత్తగారు దీన్ని "బడికి పంపడం" అనేవారు. పెరటి మెట్లే తరగతులు. పై మెట్టు మీద పూర్తి నీడ, అది ఒకటో తరగతి. కింది మెట్ల మీద పొద్దుటెండ. ఆఖరికి పిట్టగోడ మీద, గాలిలో, నడినెత్తిన ఎండలో నిలబడ్డాక బడి పూర్తయినట్టు. వెళ్తూ వస్తూ ఆవిడ అరచేత్తో మొక్కల తలల మీద చరిచేవారట, కాడలు గట్టిపడాలని. ఆకులు కాస్త వాలితేనే నీళ్లు.

"మమ్మల్నీ అలాగే పెంచింది," అంది మా ఆడపడుచు. ఆసుపత్రిలో నర్సు, నాకంటే రెండేళ్లు చిన్న. "వానలో గొడుగు అడిగితే, నువ్వేమైనా బెల్లమా కరిగిపోవడానికి అనేది."

"నేను కరిగాను," అన్నాడు మా ఆయన.

"నువ్వు మొదట్నుంచీ బెల్లమేరా అన్నయ్యా. నీకు డ్రిల్లు మాస్టారు ఉద్యోగం ఎవరిచ్చారో గానీ!"

వేసవి దగ్గరపడుతోంది, చలి వెనక్కి తగ్గుతోంది. పొద్దున్నే ట్రేలు బయటికి చేర్చే పని నాదీ మా ఆయనదీ. ఆయన ఒక కొస, నేను ఒక కొస. ఆయన ఈలతో కవాతు తాళం వేస్తుంటే, కుడికాలా ఎడమకాలా తేలక మెట్ల మీద నవ్వుతూ ఆగిపోయేవాళ్లం. ఆయన బడికి వెళ్లేవాడు, నేను ఆఫీసుకి. గోడకి రెండు మేకులు, రెండు తువ్వాళ్లు. సాయంత్రం వచ్చి ఏది ఆయనదో వాసన చూసి చెప్పగలిగినందుకే నాకు ఆ రోజంతా పండగలా ఉండేది. ఏడుపు ఇంకా ఆరని ఇంట్లో ఇంత సంతోషంగా ఉండొచ్చా అని ఒక్కోసారి భయమేసేది. మావయ్యగారు మా నవ్వులు వినగానే ముందు గదిలో కుట్టుమిషను ఆపేసేవారు. విసుక్కుంటున్నారేమో అనుకున్నాను. "వినడానికే ఆపుతాడు," అన్నాడు మా ఆయన.

నారు మాత్రం ముద్దొచ్చేలా ఎదిగింది. మెట్టు మెట్టూ దిగి పిట్టగోడ మీదికి చేరింది. ఒక్క ఆకు వాలలేదు, ఒక్క అంచు మాడలేదు. పట్టుకుంటే పట్టులా మెత్తగా ఉండేది. "మీ అత్తయ్య చేతిలో కూడా ఇంత ఏపుగా రాలేదమ్మా," అని మావయ్యగారు మురిసిపోయారు.

నాటే రోజు ఎప్పుడో చెప్పేది పెరటి గోడ. పొద్దుగుంకాక దాని మీద అరచెయ్యి ఆనిస్తే ఇంకా వెచ్చగా ఉండాలి. అది అత్తగారి లెక్క. ఒక సాయంత్రం మావయ్యగారు గోడకి చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు. మేం ముగ్గురం గుమ్మంలో ఎదురుచూస్తున్నాం. ఆయన చెయ్యి తియ్యకుండానే తల ఊపారు.

మర్నాడు సెలవు. నలుగురం మట్టిలోకి దిగాం. మా ఆయన గుంతలు తవ్వాడు, ఆడపడుచు మొక్కలు అందించింది, మావయ్యగారు నాటారు. ఆయన చేతికి సూది అలవాటు. ఒక్కో మొక్క చుట్టూ మట్టిని చొక్కాకి కాజా కుట్టినంత జాగ్రత్తగా నొక్కారు. నేను కర్రలు పాతాను, వంకరగా. ఎవరూ ఏమనలేదు.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూశారు. "ఏం అన్నయ్యగారూ, కాడలింకా పాలుగారుతున్నాయి? వదినగారు నాటేనాటికి ఊదారంగు తిరిగి పుల్లల్లా ఉండేవి కదా?"

"తల్లి లేని పిల్లలు కదమ్మా, కాస్త గారాబంగా పెరిగారు," అని మావయ్యగారు నవ్వారు.

ఆ రోజు ఎండ మామూలు ఎండే. గాలి మామూలు గాలే. మధ్యాహ్నానికి ఆకులు వేళ్లాడాయి. కొత్త చోటు కదా, తేరుకుంటాయి అనుకున్నాం. సాయంత్రానికి ఆకుల మీద తెల్లటి మచ్చలు లేచాయి, కాగితంలా. మా ఆయన బకెట్లతో నీళ్లు తెచ్చాడు. ఆడపడుచు పాత దుప్పట్లు కట్టింది. మావయ్యగారు లోపలికి వెళ్లి ఒక తెర పట్టుకొచ్చారు. తెల్లటి లైనింగు గుడ్డ, నాలుగంచులూ మడిచి కుట్టి, మూలల్లో రింగులు కూడా వేసి ఉంది. కర్రలకి తగిలించేసరికి ట్రేలంత వెడల్పే ఉంది. మళ్లకి చాలలేదు.

మర్నాటికి కాడలు మట్టి దగ్గరే విరిగి వంగిపోయాయి. ఆ పై రోజు వేళ్ల మధ్య నలిపితే పొడి రాలింది. ఒకటీ లేవలేదు. మావయ్యగారు ప్రతి మొక్క దగ్గరా కూర్చుని కాడని కింద నుంచి పైకి తడిమి చూశారు, ఎక్కడైనా పచ్చిదనం ఉందేమోనని. వరస చివరికి వచ్చి, మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టారు.

"ఇక లేవండి నాన్నా," అంది ఆడపడుచు.

ఆయన పై మెట్టు మీద కూర్చున్నారు. తెర ఒళ్లో ఉంది. నాకు అప్పుడు తట్టింది, అది ఒక్క సాయంత్రంలో కుట్టిన తెర కాదని.

"ఇదెప్పుడు కుట్టారు మావయ్యగారూ?"

ఆయన తెర అంచుని వేళ్లతో సాపు చేశారు. "నారుని బయట పెట్టిన కొత్తలోనే. మీరు పనులకి వెళ్లాక కట్టేవాణ్ని. పదింటికల్లా ఎండ వాటి మొహాన కొడుతుంటే, మిషను దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. పన్నెండింటికి తీసేసేవాణ్ని. ఎవరికీ తెలియకూడదని."

"పన్నెండింటికి తీసేవారా?" అంది ఆడపడుచు. "నేను డ్యూటీ నుంచి వచ్చేది అప్పుడే. మీరు అన్నానికి లోపలికి వెళ్లగానే ట్రేలు వంటింట్లో పెట్టేదాన్ని. గాలికి అల్లాడిపోతుంటే చూడలేక. వదిన వచ్చే వేళకి మళ్లీ గోడ మీద పెట్టేసేదాన్ని."

"అన్నం తినేటప్పుడు అవి నాకెప్పుడూ కనపడలేదేమే?"

"మీరు ముందు గదిలో తింటారు కదా, నాన్నా."

ఇద్దరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన గోడకి ఆనుకుని, బూటు ముక్కుతో మట్టి గీరుతున్నాడు.

"నేను బయట పెట్టిన నారుని కదపలేదు," అన్నాడు. "నీళ్లు మాత్రం పోశాను. అమ్మ దాహంతో అట్టేపెట్టమనేది. పోసేశాను, రోజూ. చరచడం కూడా నాకే అప్పజెప్పావు కదా నాన్నా. చెయ్యెత్తాను. దించి నిమిరాను."

మైదానం అవతల ఉన్న పిల్లలు కూడా ఆయన ఈల వింటే నిటారుగా నిలబడతారు.

ఆడపడుచుకి నవ్వొచ్చింది. నవ్వకూడని చోట వచ్చే నవ్వు. "అంటే మన పిల్లలు ఒక్క రోజు కూడా బడికెళ్లలేదు," అంది. మావయ్యగారూ నవ్వారు, భుజాలు ఊగిపోయేలా. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నేను పట్టుకోలేకపోయాను. తెర మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మా ఆయన వెళ్లి ఆయన పక్కన మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

"కరుకుదనమంతా తనే తీసుకుంది రా," అన్నారు మావయ్యగారు తెరలోంచి. "ముప్ఫై ఏళ్లూ మనకి కొంచెం కూడా ఇవ్వలేదు. ఇప్పుడు ఎవరికొచ్చు?"

నేను లోపలికి వెళ్లి టీ పెట్టాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. కిటికీ గట్టు ఖాళీగా ఉంది. ట్రేలు ఆనిన చోట చెక్క రంగు తేలింది. మొన్నటి దాకా నాకు ఆ ఇంట్లో ప్రతిదీ ముద్దొచ్చేది. ఆ రెండు గుర్తులు చూడలేక తువ్వాలు తెచ్చి కప్పేశాను. ఎవరి తువ్వాలో కూడా చూసుకోలేదు.

టీ అందిస్తుంటే మావయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు. "అమ్మాయ్, ఆఖరి పండు నువ్వే తిన్నావు. ఎలా ఉంది? ఒక్కసారి చెప్పు."

ఇది మాత్రం నేను ఇవ్వగలను అనుకున్నాను. "తియ్యగా ఉంది మావయ్యగారూ. చక్కెర తీపి కాదు. చెరుకు నమిలేశాక నోట్లో మిగిలేది ఉంటుంది చూడండి, అలాంటిది."

ఆయన తలెత్తారు. "తీపా? కాదమ్మా. పులుపు కదూ. ముందు దవడలు లాగేసే పులుపు. తీపి తర్వాత, తీరిగ్గా వచ్చేది."

"పులుపే," అన్నాడు మా ఆయన.

"కళ్లు మూసుకునేంత పులుపు వదినా. నీకు గుర్తు లేదా?"

గుర్తు చేసుకోవాలని చూశాను. నా నాలుక మీద పులుపు లేదు. కొంగు గుర్తుంది, మోచేతి మీద రసం గుర్తుంది, ఆవిడ బొటనవేలు గుర్తుంది. బొటనవేలు దగ్గర ఆగిపోయాను.

"నాకు గుజ్జు తీసేసి ఇచ్చారు," అన్నాను. "గింజల కోసం. కప్పులోకి గీకేశారు."

"పులుపంతా గుజ్జులోనే ఉండేది," అన్నారు మావయ్యగారు.

పక్కింట్లో ఎవరో నీళ్లు పడుతున్నారు. కప్పులోకి పోయిన పులుపు గింజలతోపాటు కిటికీ గట్టెక్కి, మెట్లు దిగి, మళ్లలో ఎండిపోయింది. మావయ్యగారు నా మణికట్టు వదల్లేదు. ఆ రుచి జారిపోతుందేమో అన్నట్టు నాలుకని అంగిట్లో కదుపుతున్నారు.

"ఎంత పులుపో మీ ఆవిడకి చెప్పు నాన్నా," అన్నారు కొడుకుతో. "నువ్వు మాస్టారివి కదా, చెప్పు."

మా ఆయన నోరు తెరిచాడు. నేను ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాను, మెట్ల మీద తాళం కోసం చూసినట్టు. టీ చల్లారింది. ఆయన చాలాసేపు వెతుక్కున్నాడు.

"చాలా పులుపు," అన్నాడు చివరికి.