మూడో రంగంలో ఆగే దీపాలు

"ఇవాళ కూడా లైట్లు ఆగాయంటే, రేపటి నుంచి నీ పెట్టెకీ నీకూ ఈ స్టేజీ మీద చోటు లేదు," అన్నాడు మేనేజరు.

లైట్లమ్మాయి తలెత్తలేదు. స్టేజీ పక్కన తెర చాటున, తన కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. క్యాబినెట్ పక్కరేకు ఊడి నేల మీదుంది. నోట్లో స్క్రూడ్రైవర్ ఉంది.

"విన్నావా?"

స్క్రూడ్రైవర్ నోట్లోంచి తీసింది. "విన్నాను. కాస్త పక్కకి జరగండి, వెలుతురుకి అడ్డొస్తున్నారు."

ఈ కొత్త నాటకం మొదలైన దగ్గర్నుంచీ ఇదే తంతు. మొదటి రంగం బాగుంటుంది, రెండోది బాగుంటుంది. మూడో రంగంలో రాణి వచ్చేసరికి లైట్లు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. నిన్న రాణి చీకట్లో ప్రాణం విడవాలి. మిట్టమధ్యాహ్నం లాంటి పచ్చని వెలుగులో విడిచింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు లైట్లమ్మాయి చెవిలో ఇంకా ముల్లులా ఉంది.

మేనేజరు వెనకాల ఒక సేల్స్ ఇంజనీరు నిలబడి ఉన్నాడు. తెచ్చిన కొత్త లైట్ల పెట్టెను బల్ల మీద పెట్టాడు. నల్లగా, నున్నగా, ఒక్క స్క్రూ కూడా కనపడకుండా ఉంది.

"మాదాంట్లో ఈ గొడవలుండవు మేడం. మూత తెరవాల్సిన అవసరమే రాదు."

"అవసరం రాదా, తెరవనివ్వరా?"

"కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటే పనితనం కూడా ఉచితంగానే ఉంటుంది," అని నవ్వాడతను.

"గాలి కూడా ఉచితమే సార్. కాసేపు పీల్చడం మానేసి చూడండి."

ఆ నల్లపెట్టె మీద ఆమెకు కోపం ఊరికే రాలేదు. ముందే బిగించిన లెక్క ప్రకారం అది లైట్లు మారుస్తుంది, అంతే. రాణి వేషం కట్టే ముఖ్యనటి లైట్లమ్మాయికి సొంత మేనత్త. ఆవిడ ఒక్క మాటనూ ఒకేలా రెండోసారి పలకదు. ఒకరోజు గబగబా అనేస్తుంది, ఇంకోరోజు ఊపిరి బిగబట్టి జనాన్ని ఏడిపిస్తుంది. ఆ ఊపిరి వెంట దీపం నడవాలని మేనకోడలు కూర్చుని సొంతంగా ప్రోగ్రామ్ రాసుకుంది. నల్లపెట్టె వస్తే దీపం వెంట అత్త నడవాలి. ఆ వయసులో, ఆ నటి, అంకెలు లెక్కపెట్టుకుంటూ చావాలి.

"నా ప్రాణం ఉండగా జరగదు," అనుకుని మళ్లీ క్యాబినెట్‌లోకి తల దూర్చింది.

చెయ్యాల్సినవన్నీ చేసింది. ర్యామ్ బద్దలు తీసి, అంచులు రబ్బరుతో తుడిచి, స్థానాలు మార్చి పెట్టింది. పవర్ సప్లై మార్చింది. లైనక్స్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌ని పాతది వేసి నడిపి చూసింది. మెమరీ పరీక్ష పెడితే ఒక్క తప్పూ దొరకలేదు. రిహార్సల్లో అయితే ఒక్కసారి కూడా ఆగలేదు. వైద్యుడు రాగానే మాయమయ్యే కడుపునొప్పిలా ఉంది వ్యవహారం.

దొరికిన ఆధారం ఒక్కటే. కంప్యూటర్‌కి లోపల జరిగిన ప్రతి సంగతినీ వరుసగా రాసుకునే అలవాటుంది. లైట్లు ఆగిన క్షణం దగ్గర, లైట్లకు ఆజ్ఞలు మోసే చిన్న యూఎస్‌బీ డబ్బా ఊడిపోయిందని ఉంది. కన్నుమూసి తెరిచేలోగా తిరిగి వచ్చిందనీ ఉంది. వచ్చింది కానీ ఇంకో నంబరుతో వచ్చింది. ఆమె ప్రోగ్రామేమో పాత నంబరునే పట్టుకుని పిలుస్తూ కూర్చుంది. మనిషి లేచి వేరే కుర్చీలో కూర్చుంటే, ఖాళీ కుర్చీతో మాట్లాడినట్టు.

డబ్బా దానంతటది ఎందుకు ఊడుతుంది? ఎవరో తీగ లాగుతున్నారు. ఆమె చూపు సేల్స్ ఇంజనీరు మీద పడింది.

"నిన్న మూడో రంగంలో మీరెక్కడున్నారు?"

అతను తెల్లబోయాడు. "ముందు వరసలో. మీ అత్తగారికి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. మీ మేనేజరుగారు నా పక్కనే ఉన్నారు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు మేనేజరు.

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ఆ డబ్బా ఏ నంబరుతో వచ్చినా దానికి ఒకటే శాశ్వతమైన పేరు పెట్టేలా సిస్టమ్‌కి ఒక నియమం రాసింది. ఊడి వస్తే మళ్లీ పట్టుకోమని తన ప్రోగ్రామ్‌కి నేర్పింది. స్టేజీ మీద నీలం వెలుగు వేసి, ఇద్దరూ చూస్తుండగా డబ్బా తీగ పీకేసింది.

మేనేజరు గుండె మీద చెయ్యేసుకున్నాడు. నీలం వెలుగు అలాగే ఉంది. తీగ తిరిగి గుచ్చి మీట జరిపింది. నీలం మెల్లగా ఎరుపైంది.

"బాగైపోయినట్టేనా?"

"సగం. అది తిరిగొస్తే పట్టుకుంటాను. మొన్న మొత్తం కంప్యూటరే బిగుసుకుంది, అప్పుడు ఈ మందు పనిచెయ్యదు. అసలెందుకు ఊడుతోందో తేలాలి."

"ఇక తేలేదేముంది," అన్నాడు మేనేజరు. "బాబూ, మీ పెట్టె సిద్ధంగా ఉంచు. ఒక్క లైటు తడబడినా తీగ దానికి మార్చేద్దాం."

ఆమె మొండిగా అదే ప్రశ్న నమిలింది. రిహార్సల్లో లేనిది, ఆటలో ఉన్నది ఏమిటి? జనం. జనం వచ్చి తీగలు లాగరు. సంగీతం రెండింట్లోనూ ఉంది. తలుపు అవతల వేషాల గదిలో ఎవరో దుస్తులు ఇస్త్రీ చేస్తున్న వాసన వచ్చింది. రిహార్సల్లో ఎవరూ వేషం కట్టరు. చటుక్కున లేచింది.

"అత్తా, రాణి వేషం కట్టి ఒకసారి రా."

"ఇప్పుడా? ఇస్త్రీ నలిగితే వేషాలతను నా ప్రాణం తీస్తాడే."

"లైట్లు ఆగితే మేనేజరు నా ప్రాణం తీస్తాడు. ఎవరిది ముఖ్యం?"

"నీ నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు," అంటూనే అత్త వేషం కట్టింది. మఖమల్‌లా మెరిసే నైలాన్ అంగీ అది, నేల మీద బారెడు ఈడ్చుకుంటూ వస్తుంది. అడుగుల చప్పుడు వినపడకూడదని తెర చాటున కొత్తగా పరిచిన తివాచీ మీద, రాణి నడకతో సరసరా వచ్చి, కంప్యూటర్ దగ్గర ఆగి చెయ్యి చాచింది.

ఆ నాటక కంపెనీలో అదొక ఆచారం. వెనకటి నాటకంలో, ఈ పెట్టెతో లైట్లు వేసిన మొట్టమొదటి రోజు అత్త దాన్ని తట్టి స్టేజీ ఎక్కింది. ఆరోజు జనం లేచి నిలబడ్డారు. అప్పట్నుంచి నటులెవరూ దాన్ని ముట్టుకోకుండా లోపలికి వెళ్లరు.

ఉంగరం వేలు రేకుకి తగిలింది. టక్‌మని చిన్న చప్పుడు. స్క్రీన్ మీద కొత్త వాక్యం పడింది: డబ్బా ఊడింది.

"అదిగో, పలికింది," అంది అత్త తృప్తిగా.

"ఏమిటి పలికింది?"

"పెట్టె. రాణి వేషంలో వస్తే పలుకుతుందే. వేలికి చురుక్కుమంటుంది. మామూలు బట్టల్లో తడితే ఉలకదు, పలకదు."

లైట్లమ్మాయి నెత్తి పట్టుకుంది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదత్తా?"

"కంప్యూటర్లు చదువుకున్నదానివి. పెట్టెకి ప్రాణముందంటే నవ్వవూ?"

నైలాన్ అంగీ, పొడి గాలి, కొత్త తివాచీ. నడిచినంతసేపూ అత్త ఒంట్లో కరెంటు పోగవుతోంది, ముట్టుకోగానే రేకులోకి దూకుతోంది. దూకింది భూమిలోకి పోవాలి కదా. ఆమె ప్లగ్గు పీకి చూసింది. మూడు పిన్నుల్లో లావుపాటి ఎర్త్ పిన్ను మొదలంటా కోసేసి ఉంది.

"మేస్త్రీ!"

సెట్లు కట్టే వడ్రంగి మేస్త్రి రంపంతోనే వచ్చాడు. "ఆ బోర్డుకి రెండే కన్నాలమ్మా. మూడో కాలు ఎక్కలేదు, కోసేశాను. పనిచేసిందిగా?"

"నీ కాలొకటి కోస్తే కూడా కుంటుకుంటూ నడుస్తావు మేస్త్రీ. పనిచేసినట్టేనా?"

ఆ భవనంలో ఎర్త్ సరిగ్గా ఉన్నది వేషాల గదిలోని ఇస్త్రీ సాకెట్ ఒక్కటే. టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి రూఢి చేసుకుంది. అక్కణ్నుంచి మూడు కన్నాల బోర్డు లాగి, కంప్యూటర్‌కి కొత్త తీగ వేసి, పక్కరేకు గట్టిగా బిగించింది.

సంగతి విన్న మేనేజరు ముఖం వెలిగింది. "ఇంతేనా? ఎవరూ ఆ పెట్టెని ముట్టుకోకండి. ముట్టుకుంటే ఊరుకోను."

"ముట్టుకుంటారు," అంది లైట్లమ్మాయి.

"ఏమిటి నీ పంతం? ముట్టుకోకపోతే ఆగదని నువ్వే తేల్చావుగా."

"మనిషి చెయ్యి తగిలితే మూర్ఛపోయే పెట్టె స్టేజీకి పనికిరాదు. ఆగిందా, రేపు మీరు గెంటక్కర్లేదు, నేనే మోసుకుపోతాను. అత్తా, నువ్వు రోజూలాగే తట్టి వెళ్లు."

సాయంత్రం హాలు నిండింది. మూడో రంగం ముందు సేల్స్ ఇంజనీరు తన నల్లపెట్టె తీగ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. మేనేజరు కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

తివాచీ మీద రాణి వచ్చింది. మేనేజరును కింది నుంచి పైకి ఒక్కసారి చూసింది. మహామహా సేనాపతులే ఆ చూపుకి పక్కకి తప్పుకునేవారు. మేనేజరు తప్పుకున్నాడు. ఆవిడ ఈసారి వేలు కాదు, అరచెయ్యి మొత్తం రేకు మీద ఆనించింది.

టక్.

స్క్రీన్ మీద వాక్యం పడింది: డబ్బా ఊడింది. సేల్స్ ఇంజనీరు తీగ ఎత్తాడు. లైట్లమ్మాయి అతని మణికట్టు పట్టుకుని ఆపింది. రెండో వాక్యం పడింది. డబ్బా తిరిగొచ్చింది, తన పేరుతోనే. దూకిన కరెంటు ఎర్త్‌లోకి పోయింది, కంప్యూటర్ బిగుసుకోలేదు. ఆమె మీట జరిపింది. రాణి మొదటి అడుగు మీద వెలుగు వాలింది.

అత్త ఆరోజు చావడానికి ఎన్నడూ తీసుకోనంత సేపు తీసుకుంది. ఒక మాట అని ఆగింది. ఇంకో మాట అనబోయి మింగేసింది. మేనకోడలి వేలు మీట మీద ఆ ఊపిరి వెంటే దిగింది. ఆఖరి శ్వాసతో ఆఖరి దీపం పోయింది. హాలంతా చీకటి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

చప్పట్లు ఇంకా మోగుతుండగానే అత్త తెర చాటుకి వచ్చింది, వేళ్లు ఊదుకుంటూ.

"ఇవాళ మరీ గట్టిగా పలికిందే."

"పలకనీ అత్తా. ఇక దాని నోరు మూయించేవాళ్లు లేరు."

లైట్లమ్మాయి చల్లారిపోయిన టీ గ్లాసు తీసుకుని, ఒక గుక్క తాగి, నల్లపెట్టె మీద పెట్టింది.

"అమ్మాయ్, అది ఖరీదైన వస్తువు," అన్నాడు మేనేజరు.

"మూసే ఉందిగా," అంది. "ఏం కాదు."