‘రన్’కు మా ఇంటి వాక్యాలు

‘రన్’ అనే మాటను పుట్టించిన మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఎదురుపడితే మాత్రం కడిగి పారేస్తాను.

నేను నిఘంటువు ఆఫీసులో పనిచేస్తాను. ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాయడం నా ఉద్యోగం. పక్క బల్ల ఆవిడకు ‘రబ్బర్’, ‘రూబీ’ లాంటి బుద్ధిమంతులైన మాటలు పడ్డాయి. పొద్దున్న మొదలుపెట్టి టీ వేళకు ముగించి, గోళ్ళు చూసుకుంటూ కూర్చుంటుంది. నా నెత్తిన పడింది ‘రన్’. మనిషి పరుగెడతాడు, సరే, ఒప్పుకున్నాం. కానీ ముక్కు కారుతుంది. బట్టల రంగు దిగుతుంది. బస్సు తిరుగుతుంది, సినిమా ఆడుతుంది, మిషను నడుస్తుంది. ఎన్నికలొస్తే అమెరికావాళ్ళు పరుగెడతారట, మనవాళ్ళేమో నిలబడతారు! ఒక్క మాటకు ఇన్ని వేషాలుంటే నేనెక్కడ చచ్చేది?

అది చాలదన్నట్టు మా పెద్దాయన పెట్టిన నియమం ఒకటి. నిఘంటువు మొత్తానికి ఆయనే సంపాదకుడు. ప్రతి అర్థానికీ ఒక వాక్యం ఉండాలి. అది మనం కల్పించింది కాకూడదు, ఎవరో నిజంగా అంటుండగా మన చెవిన పడాలి. అన్నది ఎవరో కూడా కింద రాయాలి. “బల్ల దగ్గర పుట్టిన వాక్యానికి ప్రాణం ఉండదమ్మా” అంటారు. ఆ తర్వాత ప్రూఫు కాగితాలను హాల్లో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీయిస్తారు. వచ్చేపోయేవాళ్ళు ఎవరైనా చదివి తప్పులు చెప్పవచ్చు.

ఇల్లూ ఆఫీసూ తప్ప మరో లోకం లేని నాకు వాక్యాలు ఎవరిస్తారు? మా ఆయనే ఇవ్వాలి. ఆయనకు ఊరి అవతలి వైపు చిన్న లాండ్రీ దుకాణం ఉంది. మిగిలిన బట్టలు మూట కట్టి ఇంటికి తెచ్చి, సాయంత్రాలు ఇస్త్రీ చేసేవాడు. మాటల పుట్ట మనిషి. కాలరు మీద నీళ్ళు చల్లుతూ మొదలుపెడితే ఇక ఆపేవాడు కాదు. ఆయన నోట పనికొచ్చే వాక్యం రాగానే నేను కాగితం కోసం లేచేదాన్ని.

“ఏంటే, మధ్యలో ఎక్కడికి?” అనేవాడు.

“మీరు చెప్పండి, వింటున్నా” అనేదాన్ని పక్క గదిలోంచి.

అలాంటి మనిషి ఉన్నట్టుండి నోరు కట్టేసుకున్నాడు. ఊ అంటే ఊ, సరే అంటే సరే. ఇంటికి తెచ్చే మూటలు కూడా తగ్గాయి. పోనీలే, కాస్త విశ్రాంతి దొరికిందనుకున్నాను. నా బాధల్లా ‘రన్’ గురించే. ఇంకా రెండు అర్థాలకు వాక్యాలు కావాలి. పెద్దాయన రోజూ బల్ల దగ్గరికి వచ్చి, “అమ్మాయ్, పుస్తకమంతా నీ దగ్గరే ఆగిపోయింది” అని నిట్టూర్చి వెళ్తున్నారు. చివరికి సిగ్గు విడిచి నేనే ఎర వేశాను.

“ఏవండీ, మీకు జలుబు చేసినట్టుందే. ముక్కు ఏమవుతోంది?”

“ఏమీ అవట్లేదు.”

“మనం పెళ్ళైన కొత్తలో చూసిన సినిమా ఎన్నాళ్ళు ఆడిందంటారు?”

“తెలీదు.”

నాకు ఒళ్ళు మండింది. శుక్రవారం సాయంత్రం ఆయన నా చీర ఇస్త్రీ చేస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

“ఏం, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా? నేనేం పాపం చేశానని ఈ మౌనవ్రతం? అవతల నా ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది!”

ఆయన ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపాడు.

“పోయిన వారం ఉతికిన కర్టెన్లు ఇవ్వడానికి మీ ఆఫీసుకు వచ్చాను. నువ్వు లోపలున్నావు. తాడు మీద కాగితాలు చదివాను.”

“చదివితే?”

“‘ఇక ఈ దుకాణం నడిచేలా లేదు’ అని ఉంది. కింద ‘భర్త’ అని. పక్కన ఎవరో ఎర్ర పెన్సిలుతో ‘చక్కని వాక్యం’ అని రాశారు.”

నాకు గుర్తుంది. ఆ అర్థానికి వాక్యం దొరక్క తల బద్దలు కొట్టుకుంటున్న రోజులవి. ఆయన ఆ మాట అనగానే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. గబగబా కాగితం మీద పెట్టుకుని తిరిగొచ్చేసరికి ఆయన మరో చొక్కా అందుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

“ఇన్నాళ్ళూ నువ్వు వింటున్నావనుకున్నానే” అన్నాడు మా ఆయన. “ఏరుకుంటున్నావని తెలీలేదు.”

కోపమంతా దిగిపోయింది. తల కొట్టేసినట్టయింది. ఆ రోజే అడగవలసింది ఇప్పుడు అడిగాను.

“ఎందుకు నడవదండీ? ఏమైంది?”

“మా దుకాణం వీధి చివర పెద్ద లాండ్రీ పెట్టారు. అన్నీ మిషన్లే. పొద్దున్న ఇస్తే మధ్యాహ్నానికి మడత పెట్టి చేతికిస్తారు. ఇంక నా దగ్గరికి ఎవరొస్తారు?”

“మరి ఏం చేద్దాం?”

“చేసేదేముంది? సోమవారమే షట్టరు దించేశాను. ఆ లాండ్రీలోనే పనికి కుదిరాను. వాళ్ళ చొక్కాలు మడతపెడుతున్నా.”

అని చీరను నాలుగు మడతలు వేసి, చేత్తో ఒకసారి అదిమి నా వైపు జరిపాడు. ఇంత జరిగితే నాకెందుకు చెప్పలేదని నిలదీయబోయాను. చెప్పాడు కదా అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.