రెండు నిమిషాలు ముందు

రోబో నాలుగో చేతికి ప్లాస్టిక్ తొడుగు వేస్తూ ఆమె దాన్ని మనసులోనే పలకరించింది. ముప్పై ఏళ్ళుగా ఆపరేషన్ థియేటర్ నర్సు. చివరి పదేళ్ళూ ఈ యంత్రం పక్కనే. ఈరోజుతో ఉద్యోగం సరి. అది తలుచుకుంటే ఎవరి కలలోనో నడుస్తున్నట్టుంది ఆమెకు.

అందరూ ఆమెను నిమిషాలక్క అంటారు. కిడ్నీలో గడ్డ కోసేముందు రక్తనాళానికి క్లిప్పు పెట్టి రక్తం ఆపుతారు. ఇరవై ఐదు నిమిషాల్లో గడ్డ తీసి, కుట్లు వేసి క్లిప్పు వదలాలి. దాటితే కిడ్నీ దెబ్బతింటుంది. సర్జన్ మూలన అద్దాల పెట్టెలో తల దూర్చి రోబోను నడుపుతుంటే, నిమిషాలు పైకి చదివే గొంతు ఆమెది.

గోడ కొక్కేనికి వేలాడే పాత స్టాప్‌వాచీ ముల్లు, వెనక్కి తేవాలని ఎంత నొక్కినా సున్నాకు రాదు, రెండు దగ్గరే ఆగిపోతుంది; లెక్క అక్కణ్ణించే మొదలవుతుంది. ఆమె బాగుచేయించలేదు. డాక్టర్లకు కాస్త భయం ఉండాలని ఆమె ఉద్దేశం. రికార్డులో మాత్రం సరిగ్గానే రాసేది. ఆ రికార్డు చదివే పుణ్యాత్ముడు ఇంతవరకు పుట్టలేదు. ఇంట్లో గడియారమూ అంతే. "నీతో కాపురం చేస్తే రెండు నిమిషాలు ముందే పోతాను" అని భర్త ఆటపట్టించేవాడు. రెండు నిమిషాలేం ఖర్మ, ఇరవై ఏళ్ళు ముందే పోయాడు.

ఈరోజు బల్లమీద ఉన్నది ఒక టైలరు. "ఒక్క కిడ్నీయే ఉందమ్మా. రెండోది చిన్నప్పుడే తీసేశారు. కాస్త చూసుకోండి" అన్నాడు పొద్దున్న, ఆమె చెయ్యి పట్టుకుని.

తెరమీద లోపలి లోకం నీళ్ళ అడుగున ఉన్నట్టు నిదానంగా కదులుతోంది. గడ్డ వచ్చేసింది. కుట్లు మిగిలాయి.

"ఎంతక్కా?"

"ఇరవై మూడు."

రోబో వేళ్ళు కంగారుపడ్డాయి. సూది జారింది, కుట్టు తెగింది. పాలిపోయిన ఆ కిడ్నీని చూస్తూ ఆమె తెర దగ్గరికి జరిగింది.

"తొందరపడకండి డాక్టరుగారూ. ఇప్పుడు అయ్యింది ఇరవై ఒకటే. ఆ వాచీ రెండు ఎక్కువ చూపిస్తుంది, నేనెప్పుడూ అదే చెప్తాను."

రోబో వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.

"ఎప్పట్నించి?"

"మీరొచ్చిన రోజు నించీ."

వేళ్ళు కుదుటపడ్డాయి. క్లిప్పు వదిలేసరికి ముల్లు ఇరవై ఆరు మీదుంది, అసలు లెక్క ఇరవై నాలుగు. కిడ్నీ మెల్లగా ఎర్రబడింది. ఆమె మాస్కు తడిసింది.

సాయంత్రం డాక్టరు గేటుదాకా వచ్చాడు.

"ఆ వాచీ మీరు తీసుకెళ్ళండక్కా."

"నాకింక తొందరేముంది? అక్కడే ఉండనివ్వండి."

"పోనీ, బాగుచేయించనా?"

"ఆ పని మాత్రం చెయ్యకండి" అని నవ్వి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

దీపాలార్పిన థియేటర్లో, గోడ కొక్కేనికి వాచీ వేలాడుతోంది, ముల్లు రెండు మీద.