పారల సమ్మతి

దొరతనం కంపెనీ చేతిలోంచి రాణిగారి చేతికి వెళ్ళిన మరుసటి వేసవిలో, కొత్తపేట పక్కన మా ఊరికి గొప్ప గౌరవం దక్కింది. కాలువ పూడిక వెట్టికి తీయాలా, కూలికి తీయాలా అన్నది ఊరివాళ్ళే తేల్చుకోవాలట. ఎక్కువమంది ఏదంటే అదే ఖాయం. నేను కరణంగారి దగ్గర రాతకోతలు చూసేవాణ్ణి. మా ఊళ్ళో అంతకుముందు ఎవరినీ ఏదీ అడిగిన పాపాన పోలేదు కాబట్టి, ఆ సంగతి రాసి పంపిన కాగితం రెండుసార్లు చదువుకున్నాను.

కూలి అప్పన్నకి ఇది వేడుక కాదు. కిందటేడు పదిహేను రోజులు వెట్టికి బురద మోశాడు. ఇంట్లో గింజ లేక పిల్లలు తాటిముంజలతో కడుపు నింపుకున్నారు. వేసవిలో ముంజలు చలవ చేస్తాయని మునసబు బుచ్చిరాజుగారు మెచ్చుకున్నారు కూడా. ఈ ఏడు వెట్టి తప్పితే అప్పన్న పెళ్ళాం పిల్లలతో ఆనకట్ట పనికి పోదామనుకున్నాడు. అక్కడ చేసిన పనికి కూలి ఇస్తారు.

కచేరీ నుంచి వచ్చిన ఉద్యోగి మహా తెలివైనవాడు. చదువురాని ఊళ్ళో కాగితాలెందుకని, వెట్టికి సరేనన్నవారు కాలువ కుడిగట్టున పార పెట్టాలనీ, కూలి కావాలన్నవారు ఎడమగట్టున పెట్టాలనీ చెప్పాడు. కుడిగట్టున ఒక్క పారా పడలేదు. పార పట్టేవాళ్ళంతా కూలీలే ఆయె. ఎడమగట్టున నలభై పారలు చేరాయి. అప్పన్న భార్య తులసి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

బుచ్చిరాజుగారు కంగారుపడలేదు. మా దగ్గర పార రైతుది. పొద్దున్నే కూలివాడికి ఇచ్చి సాయంత్రం తిరిగి తీసుకుంటారు, కర్ర మీద ఎవరి గుర్తు వారిది. ఆ గుర్తులు చూపించి, పార ఎవరిదో మాట కూడా వారిదే కదా అన్నారు. ఉద్యోగికి అది న్యాయమే అనిపించింది. అప్పన్న చేతనే పారలన్నీ కుడిగట్టుకి మోయించారు. ఆ మోతకీ కూలి లేదు. ఊరు ఏకగ్రీవంగా వెట్టికి ఒప్పుకున్నట్టయింది. గుర్తులు చూసి పన్నెండుమంది రైతుల పేర్లు సమ్మతి జాబితాలో రాసింది నేనే. సిగ్గేసింది గాని కలం ఆగలేదు.

వారానికి ఉత్తరువు వచ్చింది. జాబితాలో సమ్మతించినవారే పేరు వరుసన పూడిక తీయవలెను, తప్పినవారికి జరిమానా. మొదటి పేరు బుచ్చిరాజుగారిది.

ఆ పూటే బుచ్చిరాజుగారికి కూలివాళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కష్టపడేవాడి మాట లెక్కలోకి రాకపోతే ఎలా అని నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నన్ను వెంటేసుకుని, ఎన్నడూ తొక్కని వీధిలో అప్పన్న గుమ్మందాకా నడిచారు. మళ్ళీ అర్జీ పెడదాం, ఈసారి మీ అందరి పేర్లూ చేర్పిద్దాం, నిశాని పెట్టు చాలు అని బతిమాలారు.

మూట కట్టుకుంటున్న అప్పన్న నావైపు తిరిగాడు.

"బాబుగారూ, ఆ జాబితా ఓసారి చదవండి."

పన్నెండు పేర్లూ చదివాను.

"మావాళ్ళ పేరు ఒక్కటీ లేదు కదండీ?"

"లేదు."

"ఆయ్. మమ్మల్ని లెక్కలో వెయ్యకపోవడం మాకు కలిసిరావడం ఇదే మొదలండి."

అతను మూట తలకెత్తుకున్నాడు. తులసి పిల్లల చేతులు పట్టుకుంది. నలుగురూ ఆనకట్టకి పోయే జొన్నాడ దారి పట్టారు. వాళ్ళ వెనకే ఆ వీధి సగం ఖాళీ అయింది.

మర్నాడు కాలువ దగ్గర పార ఎలా పట్టుకోవాలని బుచ్చిరాజుగారు నన్నడిగారు. నాకూ తెలియదు.