బల్ల వెంట నీడ

పొద్దున్నే కర్రపెండలం దుంపలు నిప్పుల్లో పడేసి, అవి కాలేలోగా జెమైమా రంపం పళ్లకు ఆకురాయితో పదును పెట్టుకుంటుంది. ఆమె మిల్లు పెద్దదేం కాదు. సముద్రం ఒడ్డున నాలుగు గుంజల మీద రేకుల కప్పు, దాని కింద ఒక కోత మిషను, పొట్టు కుప్ప, అందులో పొర్లే కోళ్లు.

వెనక కొండవాలు మీద వాళ్లమ్మ నాటిన టేకు తోట ఉంది. ఇసబెల్ దీవిలో నేల ఆడవాళ్లది. దాని గురించి బయటివాళ్లతో మాట్లాడేది మాత్రం మేనమామ. జెమైమా మేనమామ సెల్విన్‌కు తోట మొత్తం ఒకేసారి దుంగలు కొనుక్కెళ్లే ఓడవాళ్లకు అమ్మాలని ఉంది. అప్పటిదాకా ఒక్క చెట్టు తియ్యనివ్వడు. ఒత్తుగా పెరిగిన చెట్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ సన్నగా సాగిపోతున్నాయి.

"ఒత్తు తియ్యకపోతే అవి లావెక్కవు మామయ్యా."

"పిల్లలు ఎక్కువయ్యారని సగంమంది గొంతు నులుముతామా?"

"ఓడ వస్తే అందర్నీ ఎక్కించేస్తానంటావు, అదేం ప్రేమ?"

సెల్విన్ వక్క నమిలి పక్కకు ఉమ్మాడు. జెమైమా పోరగా పోరగా, వంకర చెట్లు మటుకు కోసుకోమన్నాడు.

జెమైమా వాటితో బల్లలు చేసింది. కోసినంత మాత్రాన చెట్టు నీడ ఎక్కడికీ పోదు. చెక్క ఎక్కడుంటే అక్కడ, ఆకులు కదుపుకుంటూ ఉంటుంది. టేకు పీట మీద పడుకోబెడితే బిడ్డ మిట్టమధ్యాహ్నం కూడా హాయిగా నిద్రపోతుంది. పక్క రేవు వాళ్లు చెట్లన్నీ దుంగలుగా అమ్మేసినప్పుడు నీడలు కూడా ఓడెక్కి వెళ్లిపోయాయి. ఇప్పుడక్కడ ఆసుపత్రి ముందు బాలింతలు గొడుగులు పట్టుకుని నిలబడతారు.

ఓడ కంపెనీ దళారీ వచ్చిన రోజే, ఆ రేవు ఆడవాళ్లు బల్ల కోసం పడవ వేసుకొచ్చారు.

"తోటంతా మాదే అనుకో పెద్దాయనా. చెయ్యి కలుపు" అన్నాడు దళారీ.

"నీడ పోతుందని మా పిల్ల గోల."

"నీడేమన్నా కూడు పెడుతుందా?"

ఆడవాళ్లు బల్లను పడవలోకి ఎక్కిస్తూ, "సెల్విన్ మావా, నువ్వూ ఎక్కు! మా ఊరి ఎండలో కాస్త మాగుదువుగాని" అని నవ్వారు.

పడవ కదిలింది. దానితోపాటు ఆకుల నీడ నీళ్ల మీద మెల్లగా జారింది. పగడపు దిబ్బ సందుల్లోంచి చేపలు బయటికొచ్చి, ఆ నీడ కింద చేరి, వెండి దుప్పటిలా పడవ వెంటే వెళ్లాయి. సెల్విన్ మోకాళ్లలోతు దిగి చూశాడు. కింద ఇసుక తప్ప ఏమీ లేదు. ఒక్క బల్లకే ఇంత. పక్క రేవుకైతే పోనీ, రేపు వెళ్లి వల వేసుకోవచ్చు. ఓడ వెంట పోతే?

చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి దళారీ అడిగాడు: "ఏమంటావు?"

"నన్నెందుకడుగుతావు? నేల దానిది. దాన్నే అడుగు."

ఏ మేనమామా అలా అనగా ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. మిషను ఆగింది. జెమైమా పొట్టు దులుపుకుంటూ వచ్చింది.

"దుంగలు అమ్మం. బల్లలైతే ఉన్నాయి, కానీ మీ ముందు ఇంకా రెండు ఊళ్లవాళ్లున్నారు."

దళారీ వెళ్లేసరికి సెల్విన్ కొండ ఎక్కి తోటలో ఉన్నాడు. సన్నటి చెట్టొకదాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడి, కిందికి కేకేశాడు.

"ఇది తియ్యమ్మా. పక్కదానికి ఊపిరాడటం లేదు."