గుచ్చుకునే జోలపాట

మా తమ్ముడు కట్టిన జోలపాట చెవిలో గుచ్చుకుంటోందని ఆ సినిమా డైరెక్టరు రెండుసార్లు వెనక్కి పంపాడని తెలిసి నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనకసలు చెవులుండాయా? ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉండే నీకు ఆయన చెప్పేదేంది?" అని పెంచల్ మీదే అరిచాను. డైరెక్టరు ఎదురుగా లేడు మరి, ఇంకెవరి మీద అరవను?

పెంచల్ నాకంటే పదకొండేళ్లు చిన్న. అమ్మ నాట్లకు పోతే వాణ్ణి ఉయ్యాలలో వేసి నిద్రపుచ్చింది నేనే. తలంటి పోసి చెవుల్లో దూది పెట్టింది నేనే. అంత చేస్తే ఆ మహానుభావుడు మద్రాసులో చదువు సగంలో వదిలేసి డ్రమ్ములు వాయించడానికి పోయాడు. పోనీ, అవన్నా మామూలు డ్రమ్ములా? ఇండస్ట్రియల్ రాక్ అంటారట. బ్యాండు పేరు 'తుప్పు'. నూనె పీపాలు, ఇనప రేకులు, లారీల నుంచి పీకిన సామాన్లు, అన్నీ ఇనప కడ్డీలతో బాదడమే. మధ్యలో ఇంకొకడు గ్రైండింగ్ మిషను పెట్టి నిప్పురవ్వలు లేపుతాడు. ఒకసారి చూద్దామని పోయి, పావుగంటకే చెవుల్లో దూది కుక్కుకున్నాను. వాడికీ ఇంత ఇచ్చాను. "దూది పెట్టుకుంటే ఇంక వాయించేదేందక్కా!" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ ఊరుకున్నాను. బలవంతంగానైనా పెట్టవలసింది.

పన్నెండేళ్లు అలా బాదాక బ్యాండు విడిపోయింది. స్టూడియోలో కూర్చుని ఇతరుల పాటలు రికార్డు చేసి, వంకరలు సరిదిద్ది బయటికి పంపే పనిలో చేరాడు. ఆ పని చేసేవాణ్ణి మ్యూజిక్ ప్రొడ్యూసర్ అంటారట. తర్వాత సీరియళ్లకు వెనక సంగీతం. నలభై ఒకటో ఏట, ఇన్నాళ్లకు, ఒక సినిమాకు మొత్తం పాటలు కట్టే అవకాశం వచ్చింది. అందులో మొదటిదే ఈ జోలపాట. మర్నాడు సాయంత్రంలోగా సరిచేసి పంపకపోతే సినిమా మొత్తం వేరేవాళ్ల చేతికి పోతుంది. అందుకే లాప్‌టాప్ చంకన పెట్టుకుని తోటపల్లి గూడూరులో మా రొయ్యల గుంటల దగ్గరికి వచ్చేశాడు. "ఏరియేటర్ల చప్పుడు వింటే నా బుర్ర కుదురుకుంటాదక్కా" అన్నాడు. గుంటలో రెక్కలు తిప్పుతూ రొయ్యలకు గాలి అందించే మిషన్లు అవి. మా ఇల్లు గుంట గట్టు మీదే.

"నువ్వొకసారి విను" అని హెడ్‌ఫోన్లు నా తలకు తగిలించాడు. మొదట ఏదో కిర్రు, కిర్రు అని నెమ్మదిగా మొదలైంది. దాని మీద ఒక ఆడపిల్ల గొంతు ఎంత మెత్తగా ఉందో! ఇంతలో స్టీలు గిన్నె మీద మేకుతో గీసినట్టు ఏదో మోత. పళ్లు జివ్వుమన్నాయి. డైరెక్టరు చెప్పింది అక్షరాలా నిజం. పెంచల్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"బాగుందిరా" అన్నాను. అన్నం పెట్టి పడుకోమన్నాను.

మర్నాడు పొద్దున మబ్బు పట్టింది. ఎండ లేని రోజు నీళ్లలో గాలి తగ్గిపోతుంది కాబట్టి ఏరియేటర్లన్నీ వేసి ఉంచాం. మా ఆయన మేత తేవడానికి నెల్లూరు పోయాడు. నేను వెనకవైపు గిన్నెలు తోముతుంటే కీచుమని సన్నటి అరుపు వినిపించింది. ఏరియేటరు బేరింగు పోతోంది! అది పట్టేసి రెక్కలు ఆగాయంటే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. మసి చేతులతోనే పరిగెత్తాను.

ఆ అరిచే మిషనుకు పది అడుగుల దూరంలో మంచం మీద పెంచల్ కూర్చుని ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు కూడా లేవు. తీరిగ్గా టీ తాగుతున్నాడు.

నేను దాని స్విచ్చి ఆపి, అవసరానికని పక్కన ఉంచిన ఇంకోదాన్ని వేసి వాడి మీదికి పోయాను. "రేయ్, అది అంతగా అరస్తా ఉంటే బెల్లం కొట్టిన రాయి మాదిరి కూర్చోనుండావేంది?"

"ఏం అరిచిందక్కా?" అన్నాడు.

పరాచికం ఆడుతున్నాడనుకున్నాను. మొహం చూస్తే కాదు. చిన్నప్పుడు నాన్న డీజిల్ ఇంజను చప్పుడు కాస్త మారినా ఇంట్లో ముందు చెప్పేది వీడే. నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. పక్కన కూలబడ్డాను.

"ఎప్పటినుంచిరా?"

"పోయినేడు డాక్టరు చెప్పినాడు. సన్నటి శబ్దాలు పోయినాయంట, ఇంక రావంట. నీ మాట వినపడతాది, డ్రమ్ము వినపడతాది. పిచ్చుకలు వినపడవు."

"ఎవరికన్నా చెప్పినావా?"

"చెవులు పోయినోడికి పాటలెవరిస్తారక్కా?"

నేను పైట చెంగుతో మొహం తుడుచుకున్నాను. ఆ పైన దాచడం నా వల్ల కాలేదు. "నిన్న నేను అబద్ధం చెప్పినా. నీ పాటలో సూది మాదిరి ఏదో ఉండాది. నిజంగానే గుచ్చుకుంటా ఉండాది. అదేందిరా?"

వాడు లాప్‌టాప్ తెచ్చి, హెడ్‌ఫోన్లు నాకు పెట్టి, తను చిన్న స్పీకరుకు చెవి ఆనించాడు. "కొంచెం కొంచెం తగ్గిస్తా పోతా. నువ్వు చాలన్నప్పుడు ఆపతా."

తగ్గించాడు. మేకు గీత కాస్తా గాజు పెంకులయింది. ఇంకా తగ్గించాడు. అప్పుడు పట్టుకున్నాను.

"ఇయ్యి గాజులు కదరా!"

"నీవే" అన్నాడు. "ఎండాకాలంలో మన ఉష కాన్పుకొచ్చినప్పుడు దాని బిడ్డను చీర ఉయ్యాలలో ఊపతా ఉన్నావే, అప్పుడు ఫోను పక్కనపెట్టి రికార్డు చేసినా. ఆ కిర్రు కిర్రు ఉయ్యాల తాడు. దానిమీద నీ గాజులు. వాటికోసమే ఈ పాట కట్టినా. తీరా కట్టినాక అవే నాకు వినపడలా. వినపడేదాకా పెంచినా. పెంచతానే పోయినా."

నాకు ఏడుపు ఆగలేదు. నేను ఊపిన ఉయ్యాలలో పడుకున్నవాడు నా గాజుల కోసం ఊరంతా అదిరేలా పెంచుకున్నాడు. వాటిని తగ్గించమని చెప్పాల్సింది మళ్లీ నేనే.

"ఇంకా తగ్గించు" అన్నాను.

"ఇక్కడితో నాకు పోయినాయక్కా."

"తెలుసురా. తగ్గించు."

ఇంకో నాలుగు మెట్లు దింపాడు. గాజులు ఆ పిల్ల గొంతు వెనక్కి పోయి, నెమ్మదిగా, ఉయ్యాల వచ్చినప్పుడొకసారి పోయినప్పుడొకసారి గలగలమన్నాయి.

"చాలు."

"ఉండాయా?"

"ఉండాయిరా. బిడ్డ నిద్ర చెడకుండా ఉండాయి."

మళ్లీ వినకుండానే పాట పంపించేశాడు. తర్వాత ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "చెప్పేయి నాయనా. ఈ పూట దాచినా రేపటి పాటకు ఏం చేస్తావు?" అన్నాను. నా మీద నమ్మకంతోనో, భయంతోనో, స్పీకరు వేసి డైరెక్టరు సుశీల్ కుమార్‌కు చేశాడు.

"నాకు సన్నటి శబ్దాలు వినపడవు సార్. ఏడాదయింది. మీరు గుచ్చుకుంటోందన్నది నిజమే. ఇప్పుడు పంపింది మా అక్క విని సరిచేసింది."

"విని ఫోన్ చేస్తాను" అని పెట్టేశాడాయన.

చేపల పులుసు చల్లారిపోయింది. ఇద్దరం ముద్ద ముట్టలేదు. ఇష్టదైవాలందరికీ మొక్కాను. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోను మోగింది.

"పాట ఖాయం పెంచల్ గారూ" అన్నాడాయన. "మిగతావాటికి కూడా మీ అక్కగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. అన్నట్టు, ఆ గాజులు కొత్తగా పెట్టారా? ముందు పంపినవాటిలో లేవే. చాలా బాగున్నాయి."

పెంచల్ థాంక్సయినా చెప్పకుండా ఫోను పెట్టేశాడు.

"ఆయనకు వినపడినాయంటక్కా" అని నా చెయ్యి పట్టుకుని, గాజులు చెవికి ఆనించుకున్నాడు. నేను మెల్లగా చెయ్యి ఊపాను.