పాతిపెట్టాల్సిన సినిమా

ఫోన్ మోగేసరికి థియా వంటింట్లో ఒంటికాలి మీద గెంతుతూ రెండో మేజోడు కోసం వెతుకుతోంది.

"కొత్తకోడలా! ఈ ఏడు గింజ నీదేనే! మధ్యాహ్నం ఆటకి వచ్చెయ్," అంది అవతల హెస్టర్ ఆంటీ. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమా హాలు ఆమెదే.

థియా ఫోన్ పెట్టేసి ఒక్క అరుపు అరిచింది. పెళ్ళయి నెల తిరగలేదు. అప్పుడే ఊరు తనని మనిషి కింద జమకట్టింది! ఒక కాలికే మేజోడుతో పరుగెత్తి, అట్లు తిరగేస్తున్న మొగుడి వీపు మీదికి ఎక్కేసింది.

"ఓరిన్, గింజ నాదట!"

ఓరిన్ నవ్వలేదు. పెనం మీద అట్టు అంచులు నల్లబడుతుంటే అలాగే చూస్తూ నిలబడ్డాడు.

వాళ్ళుండే ఈ డార్ట్ కోవ్, రచయిత లెమ్యూల్ క్వింబీ పుట్టిన ఊరు. ఆయన దెయ్యాల నవలలని దేశంలో సగం మంది దీపం ఆర్పకుండా చదివారు. వాటిలో ఆరు సినిమాలయ్యాయి. తీసిన తీరు చూసి ఆయన పళ్ళు కొరికాడు. చివరి రోజుల్లో ఆ రీళ్ళన్నీ కొనేసి, ఊరికి తెచ్చి, ఒక ఆచారం పెట్టాడు. ఏటా అక్టోబరులో ఊరంతా వాటిని చూడాలి. బాగా నచ్చిన సినిమా సీసాలో ఇంటికొక చిక్కుడు గింజ వెయ్యాలి. అట్టడుగున పడ్డ సినిమాని డబ్బాతో సహా హాలు వెనక పెరట్లో పాతిపెట్టాలి. అడుగున రెండు సమానంగా నిలిస్తే, ఆ ఏడు ఊరికి వచ్చిన కొత్తకోడలి గింజే తీర్పు. ఆయన పోయాడు గానీ ఆచారం పోలేదు. పెరట్లో ఇప్పటికే మూడు రాళ్ళు లేచాయి. మిగిలినవి మూడు.

"నా వరస ఎప్పుడో తేల్చేశాగా," అంది థియా, వీపు దిగకుండానే. "మొదటిది 'మంచు చెరువు'. తర్వాత 'దీపస్తంభం'. ఇక ఆ 'ఆరేసిన దుప్పట్లు' ఉంది చూడు, దాన్ని పాతిపెట్టాల్సిందే! దెయ్యం కాళ్ళకి బూట్లేంటి? నిరుడు, పెళ్ళికి ముందు, కలిసి చూసినప్పుడు నువ్వూ నవ్వావుగా!"

"నవ్వాను," అన్నాడు ఓరిన్. పొయ్యి ఆర్పాడు. "అందులో పెరట్లో దుప్పట్లు ఆరేసే ఆవిడ మా అమ్మ."

థియా మెల్లగా కిందికి దిగింది.

ఆ సినిమా ఈ ఊళ్ళోనే తీశారు. దారినపోయే వాళ్ళని పిలిచి నిలబెట్టారు. ఓరిన్ పాకే వయసులోనే వాళ్ళమ్మ పోయింది. ఫొటోలున్నాయి. కదిలే అమ్మ మాత్రం అదొక్కటే.

"మరి నాకెందుకు చెప్పలేదురా, మొద్దూ!"

"వీపే కనిపిస్తుంది థియా. చిన్నప్పుడు ఏటా వెళ్ళేవాణ్ణి, ఈసారైనా ఇటు తిరుగుతుందేమోనని. తిరగలేదు. ఇప్పుడు ఆ చోటు రాగానే కళ్ళు మూసుకుంటాను." ఆమె ముంగురులు సరిచేశాడు. "నా మొహం చూసి వెయ్యకు. గింజ అబద్ధమాడితే క్వింబీ ఊరుకోడంటారు."

థియాకి గింజ గురించి అప్పుడు గుర్తొచ్చింది. గింజ ఇంటి పెరట్లోదే అయ్యుండాలి. శనివారం బెల్లం పాకంతో చిక్కుడు గింజలు వండి మొగుణ్ణి మురిపిద్దామని, డబ్బాలో ఉన్నవన్నీ రాత్రే నానబోసేసింది! గిన్నె మూత తీస్తే అన్నీ బొద్దుగా ఉబ్బి, ఆమె కేసి చూస్తున్నట్టున్నాయి.

"అవి అమ్మ వేసిన పాదులే," అన్నాడు ఓరిన్. "బట్టల తీగ కింద ఏటా వాటంతటవే మొలుస్తాయి."

అప్పటికి నవ్వాడు. ఆ నవ్వు చాలు థియాకి.

హాల్లో మొదటి వరసలో క్వింబీ కుర్చీ ఎప్పటిలాగే ఖాళీ. దాని మీద ఆయన వానకోటు. 'ఆరేసిన దుప్పట్లు' మొదలవగానే వెనకనించి పీతలు పట్టే డడ్లీ తాత గొంతు లేచింది. "వచ్చాడ్రోయ్ బూట్ల దెయ్యం! లేసు ఊడింది, చూసుకోరా నాయనా!" హాలంతా గొల్లుమంది. థియా కూడా నవ్వబోయి పెదవి కొరుక్కుంది.

పెరడు వచ్చింది. ఓరిన్ చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది. కళ్ళు మూసుకున్నాడు.

తెర మీద ఒకావిడ అటు తిరిగి దుప్పటి దులిపింది, తీగ మీద వేసింది. నిరుడు కూడా ఇంతవరకు ఇలాగే ఉంది. ఇంకో దుప్పటి అందుకుంటుందనుకుంది థియా. అందుకోలేదు. ఆవిడ చేతులు గాలిలో ఆగాయి. ఎవరో పిలిస్తే విన్నట్టు మెడ వంచి, మెల్లగా ఇటు తిరిగింది. పళ్ళ మధ్య కర్ర క్లిప్పు. అచ్చం ఓరిన్ చుబుకమే. హాల్లో ఎవరినో వెతికినట్టు వరసలన్నీ చూసి, థియా మీద చూపు నిలిపింది. ఆ పైన పక్కన కళ్ళు మూసుకు కూర్చున్న వాడి మీద.

దుప్పటి ఎగిరింది. బొమ్మ మారింది. డడ్లీ తాత ఇంకా బూట్ల గురించే మాట్లాడుతున్నాడు. ఎవరికీ ఏమీ పట్టలేదు.

సీసాలు లెక్కపెట్టారు. 'మంచు చెరువు' గెలిచింది. అడుగున మిగతా రెండూ సరిసమానం.

"రా, కొత్తకోడలా," అంది హెస్టర్ ఆంటీ. "గింజ వెయ్యి. ఎందుకు వేశావో ఆ కుర్చీకి చెప్పు."

థియా గుప్పిట విప్పింది. ఉబ్బిన గింజ చూసి డడ్లీ తాత పడీపడీ నవ్వాడు. "అమ్మాయి సగం వండి తెచ్చిందర్రా!"

"నువ్వూరుకో తాతా!" అని, థియా వానకోటు కేసి తిరిగింది. "పొద్దున దీన్ని పాతిపెట్టాలన్నాను. దెయ్యానికి బూట్లున్న మాట నిజమే. కానీ భయపెట్టడమే వీటి పనైతే, మిగతా రెండిట్లో తెర మీంచి నన్నెవరూ చూడలేదు. దీనిలో చూశారు."

'ఆరేసిన దుప్పట్లు' సీసాలో గింజ వదిలింది. నానిన గింజ కదా, చప్పుడు కాలేదు. ఆమె వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక సీసాలో టక్‌మంది, ఎండు గింజ పడ్డట్టు.

ఎవరూ నవ్వలేదు. హెస్టర్ ఆంటీ 'దీపస్తంభం' డబ్బా చంకన పెట్టుకుని పార కోసం వెళ్ళింది.

ఇంటిదారిలో ఓరిన్ అడిగాడు. "నా కోసం వేశావు కదూ?"

"కాదు." థియా అతని చెయ్యి తన కోటు జేబులోకి లాక్కుంది. "మీ అమ్మ క్లిప్పు పళ్ళతో పట్టుకునేదా?"

అతను ఆగిపోయాడు. "నాన్న అనేవాడు. ఫొటోలో ఎక్కడా లేదు. నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. తిరిగింది ఓరిన్. నన్ను చూసింది, నిన్ను చూసింది. నువ్వేమో మొద్దులా కళ్ళు మూసుకున్నావు!"

సముద్రం మీంచి పొగమంచు రోడ్డు మీదికి పాకుతోంది. అతని వేళ్ళు జేబులో చల్లగా ఉన్నాయి. ఆమె వాటిని గట్టిగా పట్టుకుంది.

"రేపు పొద్దున్నే వెళ్ళి హెస్టర్ ఆంటీని బతిమాలుదాం. ఆ రీలు మనిద్దరికీ మళ్ళీ వెయ్యమందాం. నేను కావాలంటే కళ్ళు మూసుకుంటా. నువ్వు మాత్రం తెరిచే ఉంచాలి."